రుద్రూరు పెరటిలో పన్నెండు నెలల కూర, పువ్వు

నిజామాబాదు జిల్లాలోని రుద్రూరు పేరు వినగానే వ్యవసాయదారులకు వరియు, చెరకును జ్ఞప్తికి వచ్చును. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు ఈ ప్రాంతపు నల్లరేగడి నేలలను మాగాణిగా మార్చినది. చెరకు, వరి పంటలపై పరిశోధనలు జరుపు కేంద్రమును, రైతులకు శిక్షణ నొసగు కృషి విజ్ఞాన కేంద్రమును ఈ గ్రామముననే కలవు. 1937లో స్థాపింపబడిన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిమ్మట చెరకు తగ్గినది. నేడు కాలువ క్రింద ఎటు చూచినను వరియే.

ఇంత నీరు పారు చోట వంటింటికి కావలసిన కూర మాత్రము సంత నుండి రావలసియుండుట వింతయే. బస్తాల కొలది ధాన్యము పండించిన యింటిలో పావుకిలో మిరపకాయలకు పైసలు లెక్కింపవలసి వచ్చుచున్నది. 2023 జూలైలో టమాట ధర కిలో 100 రూపాయలను మించినపుడు చాల యిండ్లలో చింతపండు పులుసుతోనే దినములు గడిపిరి. ధర పెరిగినపుడు ఇల్లాలు మొదట తగ్గించునది కూరయే, అన్నము తగ్గదు. దీని ఫలితము వెంటనే కనిపించదు గాని రక్తములో కనిపించును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 58 మందికిని, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికిని రక్తహీనత కలదు. దీనికి కూర కొరత యొక్కటియే కారణమని మేము చెప్పుట లేదు. కాని ఆకుకూర లేని కంచమునకు ఇందులో భాగము లేదనుట సాధ్యము కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో, పెద్దవారు దినమునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు భుజింపవలెనని చెప్పబడినది. ఐదుగురున్న కుటుంబమునకు ఇది దినమునకు 2 కిలోలు, సంవత్సరమునకు 730 కిలోలు. ఇంత పంట పూర్తిగా పెరటిలోనే రావలెనన్నచో సుమారు రెండు గుంటల స్థలము కావలెను. అంత స్థలము అందరికిని ఉండదు. అయినను నిరాశ పడనక్కరలేదు. నాలుగవ వంతు గుంటలో, అనగా 30 చదరపు గజములలో, ఇంటికి చాలినంత ఆకుకూర పండును. కావున మొదట ఆకుకూరతోనే ఆరంభింపవలెనని మా సలహా. అది త్వరగా వచ్చును, త్వరగా వాడును. సంతలో కొన్నది ఇల్లు చేరునప్పటికే తల వాల్చును. పెరటిలోనిది పొయ్యి మీద కుండ పెట్టిన తరువాత కోయవచ్చును.

లెక్క ఎట్లనగా: చక్కగా పెరిగిన తోటకూర ఒక చదరపు మీటరునకు సుమారు కిలో వచ్చును. విత్తిన 25, 30 దినములకు కోతకు సిద్ధమగును. నాలుగేసి చదరపు మీటర్ల మళ్ళు నాలుగు కట్టి, వారమున కొక మడి చొప్పున విత్తినచో, నాలుగవ మడి విత్తిన వారమునకు మొదటిది కోతకు వచ్చును. అప్పటి నుండి వారమునకు నాలుగు కిలోలు, దినమునకు అరకిలో పైచిలుకు ఆకుకూర లభించును. అన్ని మళ్ళను ఒకే దినమున విత్తువారే ఎక్కువ. వారికి ఒక వారము కూర మితిమీరి, మిగిలిన మూడు వారములు లేకుండుటకు ఇదియే కారణము. తోటకూర తరువాత పాలకూర, మెంతికూర, చుక్కకూర, పుంటికూరలను ఋతువును బట్టి మార్చుకొనవచ్చును. కాలువ వచ్చిన తరువాత కోస్తా జిల్లాల నుండి తరలివచ్చి క్యాంపులలో స్థిరపడిన కుటుంబములవారు గోంగూర యని పిలుచునదియే ఈ పుంటికూర. ఆకుకూరలో నున్న ఇనుము ఒంటికి పట్టుటకు నిమ్మరసము తోడ్పడును. భోజనము వెంటనే త్రాగు తేనీరు అడ్డుపడును. పెరటిలో నొక నిమ్మచెట్టు ఉండవలెననుట ఇందువలననే.

ఇక నేల సంగతి. రుద్రూరు పెరటికి మేలైనను కీడైనను నల్లరేగడియే. అందులో సారమున్నది, తేమను నిలుపు శక్తియున్నది. కాని వానకాలములో నీరు దిగక వేళ్ళకు ఊపిరాడదు; వేసవిలో నెర్రెలు వారి వేళ్ళు తెగిపోవును. వరి ఈ నేలలో నీట నిలిచి బ్రతుకును. వంకాయ మొక్క రెండు దినములు నీట నిలిచినచో తల వ్రేలవేయును. పొలమునకు పనికివచ్చిన పద్ధతి పెరటికి పనికిరాదని మొదట గ్రహింపవలెను. వరిమడివలె చుట్టును గట్టు కట్టి నీరు నిలుపుట కాక, మడినే జానెడు ఎత్తుగా లేపవలెను. వెడల్పు మూడున్నర అడుగులకు మించరాదు. ఇరువైపుల నుండి చేయి చాచినచో నడిమికి అందవలెను గాని మడిలో కాలు పెట్టరాదు. త్రొక్కిన రేగడి ఇటుకవలె గట్టిపడును. మళ్ళ నడుమ అడుగు వెడల్పు కాలువ తీసి, వాననీరు పెరటి వెలుపలికి పోవునట్లు వాలు కల్పింపవలెను. మడిపై చివికిన పశువుల ఎరువు గజమునకు రెండు మూడు గంపలు వేసి, దొరికినచో చెరువు ఇసుక కొంత కలుపవలెను. రెండు మూడేండ్లు ఇట్లు చేసినచో నేల గుల్లబారి, చేతితో గిల్లినను లేచివచ్చును.

కాలువ క్రింద దీర్ఘకాలము నీరు ఊరుట వలన కొన్నిచోట్ల నేల చౌడుబారును. నేలపై తెల్లని పొర తేలుట, విత్తనము మొలచి ఎండిపోవుట దీని గుర్తులు. అట్టి చోట చిక్కుడు, బీన్సు జాతులు బ్రతుకవు. పాలకూర, బీట్‌రూటు కొంత తట్టుకొనును. ముందుగా మట్టిని పరీక్ష చేయించి, అవసరమని తేలినపుడే జిప్సము వేయవలెను. ఊరిలోనే కృషి విజ్ఞాన కేంద్రము ఉండగా ఊహపై ఆధారపడుట ఎందులకు?

పెద్ద చెట్లకు స్థానము ఉత్తరపు అంచు. మన ప్రాంతములో సంవత్సరములో అధికభాగము సూర్యుడు దక్షిణముగా వాలి తిరుగును. కావున మునగ, కరివేపాకు, నిమ్మ, అరటి ఉత్తరపు వైపున ఉన్నచో వాని నీడ కూరమళ్ళపై పడదు. మునగకు, బొప్పాయికి నిలువనీరు గిట్టదు. వానిని మట్టి గుట్ట చేసి దానిపై నాటవలెను. గిన్నెలు కడిగిన నీటిని అరటి మొదటికి మళ్ళించుట మంచిది. సబ్బునీరు మాత్రము ఆకుకూరలకు పోయరాదు. అది చిన్న గులకరాళ్ళ గుంట గుండా పోయి మెట్టతామర మొక్కలకు చేరునట్లు చేసినచో ఇంటిముందు మురుగు తగ్గును, పూలును పూయును.

మృగశిర కార్తె జూన్ 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. తొలకరి రెండు మంచి వానలు పడిన తరువాత వానకాలపు పెరడు మొదలగును. బెండ గింజలను రాత్రి నానబెట్టి మరునాడు అడుగు దూరమున విత్తవలెను. గోరుచిక్కుడు, వంగ, మిరప దీనితోడివే. బీర, కాకర, సొర, దోసలకు పాదులు చేసి పందిరి వేయవలెను. నేలపై ప్రాకనిచ్చినచో వానకు కాయ కుళ్ళును. బెండకాయను రెండు దినముల కొకసారి కోయవలెను. ముదిరిన కాయ చెట్టుననే యున్నచో చెట్టు విత్తనము పెంచుకొను పనిలో పడి క్రొత్తపూత తగ్గించును.

తీగ కూరలను గురించి అడుగువారందరి ఫిర్యాదు ఒక్కటియే: పువ్వు పూయుచున్నది, పిందె నిలుచుట లేదు. ఇందులో దిష్టి యేమియు లేదు. ఒకే తీగపై మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. ఆడపువ్వు క్రింద చిన్న పిందె యుండును; మగపువ్వునకు సన్నని కాడ మాత్రమే యుండును. మొదటి కొన్ని దినములు మగపువ్వులే వచ్చి రాలును, అది సహజము. ఆ తరువాత ఆడపువ్వు వచ్చినను, తేనెటీగగాని పురుగుగాని పుప్పొడిని చేర్చనిచో పిందె పసుపుబారి రాలును. సొర, బీర పువ్వులు సాయంకాలము విచ్చును. కాకర, దోస, గుమ్మడి పువ్వులు ఉదయము విచ్చును. ఆయా వేళలకు మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, ఆడపువ్వు నడిమి భాగమునకు మెల్లగా రాచినచో చాలును. దీపము పెట్టు వేళ సొరపాదు వద్ద రెండు నిమిషముల పని. పిల్లలకు ఈ పని నేర్పినచో వారికి వృక్షశాస్త్రపు పాఠమును నేర్పినట్లగును.

పందిరి చిక్కుడు వేరొక తీరు. అది పగటి కాలము కురుచయైనపుడే పూయును. జూన్‌లో విత్తినను ఆగస్టులో విత్తినను పూత అక్టోబరు, నవంబరులలోనే. త్వరపడి విత్తినవారికి ఆకు మాత్రము అధికముగా దొరకును.

పూల సంగతి ఇచ్చట చెప్పుటయే ఉచితము, ఏలయనగా రుద్రూరులో పూలకు అసలు గిరాకి బతుకమ్మకే. వెనుకటి దినములలో గునుగు, తంగేడు ఊరి చుట్టును ఊరకే దొరకెడివి. గునుగు మెట్టపంటలలో కలుపుగా మొలచును, తంగేడు బీడునేలలలో పెరుగును. మెట్ట మాగాణియైన చోట రెండును అరుదగుట సహజము. పెరటి అంచున పది గునుగు మొక్కలను కలుపని పీకక వదలినచో పండుగకు చాలును. ఒకసారి గింజ రాలినచో మరుసటి యేడు తానే మొలచును. బంతి మాత్రము లెక్క చూచి విత్తవలసిన పువ్వు. విత్తిన నాటి నుండి పూత నిండుగా వచ్చుటకు సుమారు 75 దినములు పట్టును. బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో ఆరంభమగును గదా. ఆ అమావాస్య 2025లో సెప్టెంబరు 21న వచ్చినది. అధికమాసము వచ్చిన 2023లో అక్టోబరు 14న వచ్చినది. అనగా మొదటిదానికి జూలై 8న, రెండవదానికి జూలై 31న నారు పోయవలసి యుండెను. ప్రతి యేడు ఒకే తేదీన నారు పోసినచో ఒక యేడు మొగ్గలే యుండును, మరొక యేడు పూలు వాడిపోవును. కావున ఉగాదినాడే పంచాంగములో తేదీ చూచి గుర్తు పెట్టుకొనుట మేలు. నారు 25 దినములది కాగానే అడుగున్నర దూరమున నాటి, కొన చివర త్రుంచినచో కొమ్మలు హెచ్చి పూలు పెరుగును. కాని పూత వారము, పది దినములు ఆలస్యమగును. త్రుంచదలచినవారు అన్ని దినములు ముందుగా విత్తవలెను.

బంతి వేళ్ళ నుండి వెలువడు పదార్థము నేలలోని నులిపురుగులను తగ్గించును. బంతి పువ్వులు కాయతొలుచు పురుగు తల్లిరెక్కలపురుగును తనవైపు ఆకర్షించును. అందుచేత టమాట సాళ్ళ నడుమ బంతి వేయుట అలంకారము కొరకు మాత్రమే కాదు. చామంతి పిలకలను జూన్, జూలైలలో నాటినచో చలికాలములో పూయును. మల్లెకు డిసెంబరు చివర నీరు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలను కత్తిరించి, జనవరిలో ఎరువు వేసి మరల నీరు పెట్టవలెను. కత్తిరించుటకు మనసొప్పక వదలినవారికి వేసవిలో ఆకుపందిరియే మిగులును.

యాసంగి పెరడు అన్నిటికంటె సులభమైనది. సెప్టెంబరులో టమాట, క్యాబేజి, కాలిఫ్లవరు నారు పోసి, అక్టోబరులో నాటవలెను. నారుమడిపై సన్నని దోమతెర కప్పినచో తెల్లదోమ చేరదు. టమాట ఆకు ముడుచుకొను తెగులును తెచ్చునది ఆ దోమయే. ఒకసారి తెగులు పట్టిన మొక్కకు మందు లేదు, పీకి వేయవలెను. అక్టోబరు, నవంబరులలో మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి విత్తవలెను. ధనియములను చేతితో నలిపి రెండు బద్దలు చేసి విత్తినగాని సరిగా మొలవవు. క్యారటు, బీట్‌రూటులను ఉట్టి రేగడిలో విత్తినచో దుంప చీలి వంకరలు తిరుగును. వానికి ఇసుక, ఎరువు సమముగా కలిపిన వేరు మడి కావలెను.

వేసవి కష్టకాలము. కాలువ కట్టివేసిన తరువాత పెరటికి బావినీరో, బోరునీరో దిక్కు. పంట తక్కువ వేసి, వేసినదానిని కాపాడుకొనుట తెలివి. జనవరి, ఫిబ్రవరిలలో విత్తిన బెండ, గోరుచిక్కుడు, దోస, బీర ఏప్రిల్, మే వరకు కాయును. తోటకూర ఎండను బాగుగా తట్టుకొనును. టమాట మాత్రము పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి చల్లబడనపుడు పూత రాల్చును. ఎరువు వేసినను ప్రయోజనముండదు. నీరు సాయంకాలమే పోయవలెను. మొక్కల మొదళ్ళ చుట్టును వరిగడ్డి మూడు అంగుళముల మందమున పరచినచో తేమ నిలిచి, నేల నెర్రెలు వారదు. కోతల తరువాత పొలములలో గడ్డికి నిప్పు పెట్టి ఊరినంతయు పొగలో ముంచుచున్నాము. అందులో రెండు మోపులు పెరటికి మోసినచో వేసవి కూర దక్కును. ఖాళీగా నున్న మడిని మే నెలలో తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితము కప్పి, అంచులను మట్టితో మూసి, ఐదారు వారములుంచినచో ఎండవేడికే కలుపు గింజలు, తెగుళ్ళ బీజములు చాలవరకు చచ్చును.

పురుగుమందు విషయమున కొంత గట్టిగా చెప్పవలసియున్నది. వరికి తెచ్చిన మందు డబ్బాలో మిగిలిన కాస్తను పెరటి వంగకు చల్లు అలవాటు మాగాణి గ్రామములలో కలదు. ఇది మిక్కిలి ప్రమాదకరము. పొలములోని వరి, మందు చల్లిన చాల దినముల తరువాత కోతకు వచ్చి, పొట్టు తీయబడి వంటకు చేరును. పెరటి వంకాయ మరునాడే కూరయగును. మోనోక్రోటోఫాస్ మందును కూరగాయలపై వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ఖాళీ మందుడబ్బాను ఎన్నిసార్లు కడిగినను దానితో మొక్కలకు నీరు మోయరాదు, ధాన్యము కొలువరాదు. డబ్బాకు రంధ్రములు పొడిచి, పిల్లలకు, పశువులకు అందకుండ తొలగింపవలెను. పెరటిలో పండించుటలోని లాభమంతయు విషము లేని కూరలోనే కలదు గదా. దానినే పోగొట్టుకొనుట ఎట్టి లెక్క?

పెరటి పురుగులకు చేతులే మొదటి మందు. ఉదయము మొక్కలకు నీరు పోయుచు ఆకుల అడుగు భాగము చూచినచో గ్రుడ్లు, చిన్న పురుగులు కనిపించును, తీసి నలిపివేయవచ్చును. పేనుబంక పట్టిన కొనను త్రుంచివేయవలెను. తెల్లదోమకు పసుపు రంగు పూసిన రేకుపై ఆముదము రాచి మొక్కల మధ్య నిలిపినచో వచ్చి అంటుకొనును. బెండ ఆకు ఈనెలు పసుపుబారినచో ఆ మొక్కను జాలి పడక మొదటనే పీకవలెను. కాకర, బీర, దోసలలో పండుఈగ గ్రుడ్లు పెట్టిన కాయ వంకరపోయి రాలును. రాలిన కాయలను అచ్చటనే వదలినచో అందులోని పురుగు మట్టిలో దిగి మరల ఈగయై లేచును. ప్రతిదినము ఏరి లోతుగా పాతిపెట్టవలెను. వీనికి మించిన బాధ కలిగినపుడు వేపగింజల కషాయము కలదు. జూన్, జూలైలలో చెట్ల క్రింద రాలు వేపపండ్లను ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి దాచవలెను. పప్పు పొడి 500 గ్రాములను గుడ్డలో మూటగట్టి పది లీటర్ల నీటిలో రాత్రంతయు నానబెట్టి, పిండి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. నిలువ చేసిన కషాయమునకు శక్తి తగ్గును; నాటిది నాడే వాడవలెను.

విత్తనములలో సంకరజాతివి కొన్నవారు వాని కాయల నుండి మరల విత్తనము తీయుట వృథా, తల్లిగుణము నిలువదు. వంగ, సొర, బీర, పుంటికూర, తోటకూరలలో నాటురకము ఒక్కటి చొప్పున పెరటిలో నిలుపుకొనుట మేలు. తీగపై రెండవ, మూడవ కాపులోని ఆరోగ్యమైన సొరకాయ నొకదానిని కోయక, తొడిమ ఎండి, కాయ ఊపినచో గింజలు గలగలమను వరకు వదలవలెను. గింజలను కడిగి, మూడు నాలుగు దినములు నీడలో ఆరబెట్టి, పొడి బూడిదలో కలిపి సీసాలో పోసి, మూతపై రకము పేరును, తీసిన నెలను వ్రాసి, పొయ్యికి దూరముగా చల్లని చోట ఉంచవలెను.